కింది మడి తడిసినంక

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. రోజూ ఊరి నుంచి గద్వాలకు పోయి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతాను. కామా ఒకటి తప్పితేనే గుండె ఆగే మనిషికి దయ్యాలకు భయపడే తీరిక ఉండదు.

మానవపాడు దగ్గరి మా ఊళ్లో తిమ్మప్ప తాత నీరటి. కాలువ నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో ఆయనే చూసేవాడు. అక్షరం రాదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు గట్టు మీద కూర్చోబెట్టుకుని నా చదువు గురించి అడిగేవాడు.

"ఆ డబ్బా నీ మాట ఇంటదా బిడ్డా?"

"ఇంటది తాతా. చెప్పిందే చేస్తది, మనసుల అనుకున్నది చెయ్యదు."

"మరి సమజయ్యేటట్టు చెప్పాలె. మనిషికైనా గంతే గద!"

అంతకన్నా మంచి పాఠం నేనింతవరకు చెప్పలేదు.

తాత పోయాక వంతులు చూసే బాధ్యత రైతులు నాకు అప్పగించారు. ప్రోగ్రాం రాశాను. ఎవరి వంతు ఎప్పుడో ఫోన్లకు సందేశం పోతుంది: మడి నంబరు, టైము, అంతే. కాలువ మొదట ఉన్న మడితో మొదలుపెట్టాను. పైవాళ్లు తమ వంతు దాటినా తూములు మూయలేదు. చిట్టచివరి సుంకమ్మ మడికి రెండు వంతులు చుక్క చేరలేదు. కౌలు పొలం, పొట్టకొచ్చిన వరి. "ఇది ఎండితే మళ్ల కూలికి పుణె పోవుడే నాయనా" అంది.

పొలంలో పురుగు పడితే మందు కొట్టొచ్చు. ప్రోగ్రాంలో పడితే తల కొట్టుకోవాలి. నాలుగు రోజులు కొట్టుకున్నాను.

ఐదో రోజు పొద్దున సుంకమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. "ఏమొచ్చిందో జర సదువు."

చదివాను: "సుంకీ, పార వట్టు, నీళ్లొస్తున్నయ్."

ఆమె ఫోన్ తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. "సుంకీ అని తిమ్మప్ప మామ ఒక్కడే పిలుస్తుండె."

కంప్యూటర్ తెరిచాను. వంతులు తిరగబడి ఉన్నాయి, చివరి మడి నుంచి మొదటికి. పైన నేను రాయని వాక్యం: "కింది మడి తడిసినంక మీది మడి." అప్పుడు తట్టింది. చివరివాళ్లకు ముందు పారితే, తమ వంతు తొందరగా రావాలని పైవాళ్లే తూములు మూసి కాపలా కాస్తారు. తాత ఏళ్లుగా చేసింది అదే. నేనే ఎప్పుడూ అడగలేదు.

పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. నిద్రలో నువ్వే రాసుంటావంటుంది నా భార్య. మార్పు జరిగిన టైము కంప్యూటర్‌లో ఉంది. ముందురోజు మధ్యాహ్నం. అప్పుడు నేను తరగతిలో పాఠం చెబుతున్నాను. నిద్రపోయింది పిల్లలు.

సుంకమ్మ వరి దక్కింది. ఆ వాక్యాన్ని నేను తీసెయ్యలేదు. ఎవరు రాశారో ఇప్పటికీ చెప్పలేను.

అలాంటి సందేశం మళ్లీ రాలేదు. సుంకమ్మ మాత్రం ప్రతి వంతుకూ ఫోన్ తెచ్చి చదివించుకుంటుంది. మడి నంబరు, టైము చదువుతాను.

"గంతేనా?" అంటుంది.