దొర ఇచ్చిన ఇంటిపేరు

మా ఇంటిపేరు ఇంగ్లీషుది. ఏలూరులో ఎవరికి చెప్పినా రెండోసారి అడిగేవారు. మా నాన్నగారికి కావలసింది అదే. కుర్చీ ముందుకు జరుపుకుని కథ మొదలుపెట్టేవారు. కరువు కాలంలో కొల్లేరు లంకల్లో తల్లీతండ్రీ పోయిన, ఒకరికొకరు ఏమీ కాని పిల్లల్ని ఒక మిషనరీ దొర చేరదీశాడట. సంతానం లేని ఆ దొర బాప్తిస్మం ఇస్తూ పిల్లలందరికీ తన ఇంటిపేరే పెట్టాడట. వాళ్ళలో మా ముత్తాత ఒకడు. కథ పూర్తయ్యేసరికి వచ్చినవాళ్ళ టీ చల్లారిపోయేది.

ఆ పేరు మా అక్క కొంప ముంచుతుందని మేమెవరమూ అనుకోలేదు.

అక్క తాడేపల్లిగూడెంలో టీచరు. అదే స్కూల్లో లెక్కలు చెప్పే ఆకివీడు అబ్బాయిని ఇష్టపడింది. మాలాగే చర్చికి వెళ్ళే కుటుంబం, నెమ్మదైన మనిషి. చిక్కల్లా ఒకటే, అతనిదీ మా ఇంటిపేరే. వాళ్ళ ముత్తాత కూడా ఆ దొర పెంచిన పిల్లాడే.

ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస అవుతారని, పెళ్ళి కుదరదని నాన్నగారు తేల్చేశారు. అతనింట్లోనూ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమీ కారని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది ఈయనే కదా.

అక్క మాత్రం కోపం తెచ్చుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ పేరు కోసం వెతికింది. అది ఇంగ్లండులో ఒక చిన్న పల్లె పేరట. ఆ ఊరు విడిచి వెళ్ళినవాళ్ళని, చుట్టాలు కాకపోయినా, ఊరి పేరుతోనే పిలిచేవారట. ఇప్పుడు అక్కడా ఆ పేరున్నవాళ్ళు కొద్దిమందేనట. అన్నం దగ్గర ఇదంతా నాన్నగారికి చెప్పింది.

“దొరగారికే అది ఊరి వల్ల వచ్చింది నాన్నగారూ. మనకి ఆయన పెంచినందుకు వచ్చింది. ఇందులో అన్నాచెల్లెళ్ళు ఎక్కడున్నారండీ?”

“ఎలా వచ్చినా ఇంటిపేరు ఇంటిపేరేనమ్మా. చర్చిలో పెళ్ళి ప్రకటన చదివినప్పుడు ఇద్దరికీ ఒకటే ఇంటిపేరు వినబడితే నలుగురూ ఏమంటారు?”

అక్క మళ్ళీ అడగలేదు. వేరే సంబంధాలు తెస్తే వద్దంది. కొన్నేళ్ళకి కామెర్లు వచ్చాయి. ఎవరో చెబితే నల్లజర్ల తీసుకెళ్ళి పసరు మందు ఇప్పించాం. తగ్గక ఏలూరు ఆస్పత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది.

మావాళ్ళకో పట్టింపు ఉంది. పెళ్ళికాని పిల్ల పోతే శవప్పెట్టెకి ముందువైపు సొంత ఇంటిపేరు మగవాళ్ళే భుజం పట్టాలి. నాన్నగారికి కొడుకుల్లేరు, అన్నదమ్ముల్లేరు. ఒకవైపు తను నిలబడి, రెండోవైపుకి ఎవరా అని వాకిట్లో జనాన్ని చూశారు. గేటు దగ్గర ఆ ఆకివీడు అబ్బాయి ఉన్నాడు.

“మీరు రండి బాబూ. అన్న వరస మీరే కదా.”

నాన్నగారు అది ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అలా నమ్మారు. అందుకే ఆయన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

అతను చెప్పులు విడిచి వచ్చి భుజం పట్టాడు. అక్కకి అన్నయ్యగా సమాధుల తోట దాకా మోసుకెళ్ళాడు.