రెండు, మూడు, రెండు

మా మిల్లులో గంటకోసారి తేమ చూసి పుస్తకంలో రాయాలి. గాలిలో తడి తగ్గితే నూలు తెగుతుంది. రాయాల్సిన మేస్త్రీని నేను. ఇరవై ఏళ్లుగా నేను చేసేదేమిటంటే, షిఫ్టు ముగిసే ముందు కూర్చుని ఎనిమిది గడులూ ఒకేసారి నింపేయడం. అన్నిట్లో ఒకే అంకె ఉంటే అనుమానం వస్తుంది కాబట్టి ఒకచోట ఒకటి పెంచి, ఇంకోచోట ఒకటి తగ్గిస్తాను. దీనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కొత్తగా చేరినవాళ్లకు నేర్పాను కూడా.

నా భార్య నొప్పిని కూడా అలాగే రాశాను.

తళవాయిపురం నుంచి బండి మీద వస్తూ స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు నేను. వెనక కూర్చున్న ఆమె ఎగిరి రోడ్డు మీద పడింది. తలకు ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి, తలనొప్పి మానలేదు. ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. నొప్పి వల్ల ఇంటిపని ఎంత ఆగింది, నిద్ర ఎంత చెడింది, ఇంట్లోవాళ్లతో మాటామంతీ ఎంత తగ్గింది, రోజూ ఆమెను అడిగి సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. దాన్ని చూసే మందు ఇస్తారు. అక్షరాలు చూస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయి కాబట్టి రాసే పని నాకు పడింది.

రెండు రోజులు అడిగాను. "ఏమో, దీన్ని ఎట్ల చెప్పేది?" అంది. మూడో రోజు నుంచి అడగలేదు. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ నెల గడులన్నీ నింపేశాను. రెండు, మూడు, రెండు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వేళకు దోసెలు పడుతున్నాయి, సాయంత్రం నేను వచ్చేసరికి పెరట్లో బట్టలు ఉతుకుతోంది, ఇంకేం నొప్పి? మాటామంతీ గడిలో అన్నీ సున్నాలే వేశాను, మా మధ్య గొడవే లేదు కాబట్టి. నిజం చెప్పాలంటే, ఆ అంకెలు చిన్నవైతే నా తప్పు కూడా చిన్నదవుతుందని ఆశ.

డాక్టర్ సంతోషించి మాత్రను సగానికి తగ్గించాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. పరాయివాళ్ల ముందు మొగుడి మాట కొట్టేయడం మా ఇళ్లలో లేదు. సరేనన్నట్టే అనుకున్నాను.

మరుసటి నెల అదే కాగితం, అవే అంకెలు. ఇవి ఇలాగే ఉంటే మాత్ర పూర్తిగా ఆపేద్దామన్నాడు డాక్టర్. దానికి ముందు, వ్యాయామం చేయించే అమ్మాయిని ఒకసారి చూడమన్నాడు. ఆ పిల్లది సత్రపట్టి, ఈ తమిళనాట మా మాదిరే ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"మామా, మీరు రవంత బయట కూర్చోండి."

"అంతా కాగితంలో రాసినాను కదమ్మా!" అన్నాను.

"ఉండనీండి. అత్త నోటితో వినాల."

తెర అవతల బెంచీ మీద కూర్చున్నాను.

"పని ఎట్ల చేస్తారత్తా?"

"ఒక దోసె పోసి, గోడకు తల ఆనించి కండ్లు మూసుకుంటానమ్మా. అది కాలినంక ఇంకొకటి."

"మామతో మాట్లాడేది?"

"ఆయన మంచోరే. మిల్లు గొంతు, అంతే. మిషన్ల సద్దులో అరిచి అరిచి ఇంట్లోనూ అదే మాదిరి మాట్లాడతారు. ఆ గొంతు పడితే నెత్తి పగిలినట్లుంటుంది. బండి సద్దు వినపడంగనే పెరట్లోకి పోయి, ఉతికిన బట్టలే మళ్లా తడుపుకుంటా కూర్చుంటాను."

"పదికి ఎంత వేసేది?"

"తొమ్మిది వేసుకో. ఆయనకు చూపించొద్దు. బండి తోలింది తానే అని ముందే కుమిలిపోతుండారు. ఇది వేరే చెప్పాలనా?"

"ఉన్న నాలుగు బట్టలూ ఎన్నిసార్లు ఉతుకుతావే, రంగంతా కాలువకే పోయె!" అని నిన్ననే వీధి గుమ్మం నుంచి పరాచికమాడాను. నవ్వాను కూడా. ఆ బెంచీ మీద కూర్చుని నా నవ్వు నాకే వినిపించింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నా కోసం ఆమె నా అబద్ధాన్ని కూడా మోసింది.

ఆ పిల్ల వేసిన అంకె ఇంకా చేరకముందే మళ్లీ డాక్టర్ ముందు కూర్చున్నాం. మాత్ర ఆపేసే చీటీ రాయడానికి పెన్ను తీశాడు. "ఆ కాగితం అబద్ధం సార్. ఆమెను అడక్కుండా నేనే రాశాను," అన్నాను. సిగ్గుకు అది గొణుగుడే అయింది. ఆయనకు వినిపించలేదు. కాస్త గట్టిగా చెప్పమన్నాడు.

పక్కకు చూశాను. ఆమె అప్పటికే కుర్చీ అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆయన చెవి దగ్గర వంగి చెప్పాను.