వేగం పెంచిందెవరు

ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ మూలిగి ఆగింది, ఇన్వర్టర్ మీద నడుస్తున్న నా కంప్యూటర్ ఫ్యాన్ మాత్రం గొంతు పెంచింది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మొదటి ఉద్యోగం పర్చూరులో, పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోలో. అది సువార్తమ్మ గారిది. గట్టి నోరున్న మనిషి. బజారు చివర ఉన్నవాళ్లతో కూడా ఫోను లేకుండానే మాట్లాడేవారు.

పెళ్లిళ్ల సీజనుకు పని త్వరగా తెమలాలని, జనవరి చలిలో ఆవిడ కంప్యూటర్ షాపతన్ని పిలిపించారు. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించాడతను. ఓవర్‌క్లాకింగ్ అంటారు; వేగంతో పాటు వేడీ పెరుగుతుంది. చల్లటి ఏసీ గదిలో, మేమిచ్చిన టీ తాగుతూ పరీక్షించి, "రాయిలా ఉందండి" అని చెప్పి పోయాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎలా ఉంటుందో మేమూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మే నెలలో ఒక మిర్చి రైతు కూతురి పెళ్లి వీడియో చేస్తున్నాం. రిసెప్షన్లో వెయ్యాలి. సగంలో స్క్రీన్ నీలంగా మారి మిషన్ ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. మిషన్ ఆగి వీడియో తయారవలేదని చెప్పడానికి ఫంక్షన్ హాలుకి వెళ్తే, ఆ రైతు నమ్మక, అక్కడే నాచేత షాపతనికి ఫోన్ చేయించి స్పీకర్లో పెట్టాడు. "ఆ అమ్మాయి ఏదో నొక్కి ఉంటుందండి" అని అతను నవ్వాడు. "కూలికెళ్లేవాళ్ల పిల్లకి కంప్యూటర్ అప్పజెప్తే ఇంతేగా" అన్నాడు రైతు, చుట్టాలందరి ముందూ. మా అమ్మ మిరపకోతలకు వెళ్లేది. అది ఎప్పటి నుంచి తప్పయిందో నాకు తెలియదు. అలాంటి చేతులు కొయ్యకపోతే ఆయన కాయ చేలోనే ఎండిపోయేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ షాపతని నవ్వు ఇంకా ఎక్కువ కాల్చింది. ఇక నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

మర్నాడు సువార్తమ్మ గారు, "నువ్వు బయట కూర్చోవే. లోపలుంటే ఏం జరిగినా నీ మీదకే తోస్తారు" అన్నారు. ఏసీ వేసి, అదే వీడియో తనే పెట్టారు. పూర్తయింది. నేను లేకపోతే నడిచిందంటే తప్పు నాదేనేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం, "నిన్న కరెంటు పోయింది కదా, ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు కదా" అని ఏసీ కట్టేసి మళ్లీ అదే వీడియో పెట్టారు. ఆగింది. అప్పుడు ప్రాసెసర్ వేగం ఒక్కటే పాత స్థాయికి దించారు. ర్యామ్ కూడా మారుద్దామని నేను గుమ్మంలోంచి అంటే, "రెండు మారిస్తే దేనివల్ల బాగైందో ఎట్లా తెలుస్తుందే?" అని కసిరారు. ఈసారి ఏసీ లేకుండానే చివరిదాకా నడిచింది. చెమటతో తడిసిన కొంగు పిండుకుంటూ షాపతనికి ఫోన్ చేశారు. "ఏసీ ఆపితే ఎలాగండి" అన్నాడు. "కరెంటు తీసేది నేనా నాయనా?" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

అదే సాయంత్రం వీడియో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్లారు. చుట్టాలింకా ఉన్నారు. "తప్పు మా మిషన్‌దండి. వేగం పెంచమన్నది నేను. ఈ పిల్ల ఏమీ చెయ్యలేదు" అన్నారు వాళ్లందరూ వినేలా. బేరం పోతుందని తెలిసీ అన్నారు. "సరేలేమ్మా, కాఫీ తాగండి" అన్నాడాయన.

"కాఫీ తర్వాతండి. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోండి. నాతో కాదు, ఈ పిల్లతో చెప్పండి."

ఆయన గోడకేసి చూస్తూ, "ఏదో కోపంలో అన్నాన్లే" అన్నాడు. "పర్లేదండీ" అన్నాను నేను.

సువార్తమ్మ గారు ఆటో పిలిచారు. ఎక్కాక నా వైపు తిరిగి, "పర్లేదని ఎందుకన్నావే? నిజంగా పర్లేదా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా నన్నొక మాట అనేసి, తర్వాత నవ్వుతూ నా మొహంలోకి చూస్తారు, పర్లేదంటానేమోనని. నేను అనను.