బూట్లు తొక్కిన వైపు

దగ్గరికి జరిగి కూర్చోండి. నేల మీద బాసింపట్టు వేసుకోగలిగినవాళ్ళు వేసుకోండి, అదెంత భాగ్యమో కాసేపట్లో మీకే తెలుస్తుంది. కాళ్ళు సహకరించనివాళ్ళకు గోడవారగా ఆ సోఫా ఉంది. నేను చెప్పబోయేది దాని సంగతే.

మా అత్త స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తిరువళ్ళూరు ఆస్పత్రిలో విరిగిన ఎముక గుండు తీసేసి కొత్తది వేశారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట చెప్పింది. కూర్చున్నప్పుడు ఆమె మోకాలు తుంటికంటే పైకి రాకూడదు, ముందుకు వంగనూ కూడదు. అలా జరిగితే కొత్త గుండు తుంటి గిన్నెలోంచి జారిపోతుంది. మళ్ళీ కోయాలి. ఈ వయసులో రెండోసారి కోస్తే లేచి నడుస్తుందని నేను చెప్పలేను, అంది.

చదువు లేనిదాన్ని కాబట్టి కాగితం మీద రాసుకోలేదు, పోగు మీద రాసుకున్నాను. అత్త మంచం అంచున కూర్చున్నప్పుడు మడమ నుంచి మోకాలి మడత దాకా నూలుపోగు పట్టి ముడి వేశాను. కూర్చునే చోటు ఆ ముడికి పైనే ఉండాలి.

మాది తిరుత్తణి, నేతపని చేసే ఇల్లు. తిండీ నేల మీదే, నిద్రా నేల మీదే. ఉన్న ఒక్క నవారు మంచం నడుమ ఉయ్యాలలా కుంగుతుంది. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు జారతాయి, ఆస్పత్రిలో వద్దన్నారు. ఏదో ఒకటి కొనాలనుకుంటుండగానే, రెండు రోజులాగి పంపుతామన్న ఆస్పత్రివాళ్ళు ఆ ఉదయమే ఫోన్ చేసి, మధ్యాహ్నానికి తీసుకుపొమ్మన్నారు. మా ఆయన కారు మాట్లాడుకొని బయలుదేరాడు. ఇంట్లో నేనూ నా కూతురూ మిగిలాం.

నా కూతురు కంపెనీలో షిఫ్టు పని చేస్తుంది. ఆదివారం వస్తే స్నేహితులతో గుట్టకు పోయి, తాడు లేకుండా బండలెక్కుతుంది. పడితే దెబ్బ తగలకుండా కింద పరుచుకునే దళసరి పరుపు ఒకటి ఉంది దానికి. ప్యాడ్ అంటుంది. మడిచి వీపుకు తగిలించుకొని పోతుంది. అత్తకు అది కంటగింపు. మా ఇళ్ళల్లో కాళ్ళు కడుక్కొని, మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకున్నాకే నేయడానికి మగ్గం గుంటలోకి దిగుతారు. బూట్లతో దూకే పరుపును మగ్గమున్న ఇంట్లోకి తేవద్దని అత్త దాన్ని వాకిట్లోనే పెట్టించింది.

"మా, నా ప్యాడ్ ఉండాది గదా," అంది కూతురు.

"మీ అవ్వ సచ్చినా కూసోదు దాని మింద."

"చెప్తే గదా. గుడ్డ కప్పేస్తే ఎవురికి తెలస్తాది?"

వేరే దారి లేదు. విందులకు వేసే, ఎత్తు చాలని రెండు బల్లలు గోడకు చేర్చి, కాళ్ళకు కాళ్ళు కట్టి, పైన ప్యాడ్ పరిచాం. దానికి ఒక పక్క గట్టి పొర, ఇంకో పక్క మెత్తటి పొర. గట్టిదాని మీద నల్లటి బూటు మరకలు, చేతులకు పూసుకునే తెల్లపొడి.

"గట్టిదే పైకి రావాల మా," అంది కూతురు.

"బూట్లు తొక్కిన పక్క మీద మీ అవ్వను కూసోబెట్టేదా? తిప్పు."

"మెత్తది కుంగుతాది మా."

"ఆ యమ్మ బరువెంత? మెత్తగుంటే నొప్పి పుట్టదు. తిప్పు మే."

తిప్పింది. దుప్పటి చాలలేదు. పైన కప్పి అంచులకు కుట్టేశాను, అడుగు బోసిగానే ఉండిపోయింది. పోగు పట్టి చూస్తే ముడికి సరిగ్గా పైనే ఉంది. నా మనసు కుదుటపడింది.

కారు వచ్చింది. అత్త నడిచే స్టాండు పట్టుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చింది. సోఫాను చూసి, "ఎప్పుడు కొన్న్యారు?" అంది. నేను దిండ్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. మా ఆయన రెక్క పట్టుకొని మెల్లగా దించాడు.

దిగుతూనే ఉంది. పరుపు ఆమెను మింగుతున్నట్టు లోపలికి పోయింది, మోకాళ్ళు పైకి వచ్చాయి. నేను కొలిచింది ఎవరూ కూర్చోని పరుపుని.

"నాయనా, లేపు," అంది కూతురు. గొంతు పెంచలేదు. అత్త లేవాలని ముందుకు వంగబోయింది. "వంగద్దవ్వా. వంగినా జారిపోతాది. ఊరికే ఉండు, మేం లేపతాం."

ఆయన చంకల కింద చేతులు వేశాడు. కూతురు ఆ కాలు ముందుకు చాపించి పట్టుకుంది. నేను వీపుకు చేతులు ఆనించాను. ఎక్కడ టక్కుమంటుందోనని నా చెవులు ఆ తుంటి మీదే ఉన్నాయి. ఏ చప్పుడూ రాకుండా లేచింది. స్టాండు పట్టుకుంది. ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు, కూర్చోవడానికి ఇంకో చోటు లేదు.

"బోర్లా వేసినాం, తిప్పాల," అని కూతురు ప్యాడ్‌ను తిరగేసింది. నల్ల మరకలు, తెల్లపొడి అందరి ముందూ పైకొచ్చాయి.

అత్త చూసింది. "ఇది వాకిట్లో ఉండేది గదా. ఏమ్మే, నువ్వేగా బోర్లేసింది?"

"ఔనత్తా. నువ్వు కూసునేది తొక్కని పక్క అయితాదని."

"సామి గుడ్డ ఎత్తి సూడడనుకున్న్యావా?"

"మా, ముందు కూసో. అప్పురం తిట్టుకుందువు," అన్నాడు మా ఆయన.

"ఉండ్రా." మనవరాలి వైపు తిరిగింది. "బండ మిందనుంచి పడితే ఏ పక్క పడతావే?"

"ఈ పక్కే అవ్వా. గట్టిది ఆపుతాది, కిందుండే మెత్తది దెబ్బ తాగుతాది."

"ఎముక ఇరిగిందా ఎప్పుడన్నా?"

"లేదవ్వా."

"నీళ్ళగదిలో పడి నాకిరిగె." ఆ మరకలను ఇంకోసారి చూసింది. "పసుపు నీళ్ళు తే మే. సూస్తా నిలబడద్దు."

చల్లాను. ఇంకో దుప్పటి పరిచాను. ఈసారి ముందు మా ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన బరువు దాని మీద ఉండగా పోగు పట్టాను. ముడి పరుపుకు కిందనే ఉంది. ఆయన లేచి తల్లిని పట్టుకున్నాడు.

అత్త కాళ్ళు బల్లకు తగిలేదాకా వెనక్కి జరిగింది, కానీ కూర్చోలేదు. "నేను వంగకూడదంట. నా బదులు నువ్వు తాకు."

నాకు అర్థమైంది. వంగి ప్యాడ్‌ను తాకి, మగ్గానికి చేసినట్టే ఆ చెయ్యి ఆమె కళ్ళకు అద్దాను. అప్పుడు కూర్చుంది. మోకాళ్ళు ఉండవలసిన చోటే ఉన్నాయి.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. ఆదివారం పొద్దున ప్యాడ్ గుట్టకు పోతుంది, సాయంత్రం వచ్చి బల్లల మీద చేరుతుంది. పసుపు నీళ్ళ చెంబు పట్టుకొని గడపలో అత్తే ఉంటుంది. "యాడ పడినావే ఈ పొద్దు?" అని అడిగి, విన్నాకే చల్లుతుంది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంటి పెద్దలు కూర్చున్నచోటు నుంచి తమంతట తామే లేవాలి. మీ పిల్లలు ఎంత ఎత్తు నుంచి పడినా కింద వాళ్ళ కోసం ఏదో ఒకటి పరిచి ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.