యాదమ్మ పూలజడ ఫోటో

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లవారిందంటే నాయిన సైకిలు తుడిచేవాడు, నేను అద్దం తుడిచేదాన్ని.

నాయిన ఫోటోలు తీసేవాడు. దుకాణం లేదు. మెడలో కెమెరా వేసుకుని లింగంపల్లి నుంచి బయలుదేరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. ఒకచోట పెళ్లిచూపులకు పంపే ఫోటో, ఇంకోచోట కొత్తగా కొన్న ఎడ్ల జత ఫోటో... వెనక క్యారియర్ మీద నేను. నా చేతుల్లో పాత దుప్పట్లో చుట్టిన పెద్ద అద్దం. గుంత వస్తోందని నాయిన ముందే చెప్పేవాడు, నేను అద్దాన్ని గట్టిగా కావలించుకునేదాన్ని.

ఆ అద్దం పూలజడల కోసం. పిల్ల ముందుకు తిరిగి కూర్చుంటే జడ కనపడదు కదా... అందుకని వెనక అద్దం పెట్టేవారు. ముఖమూ, అద్దంలో జడా ఒకే ఫోటోలో వచ్చేవి. అద్దం వెనక నిలబడి దాన్ని కదలకుండా పట్టుకోవడం నా పని.

ఒక వేసవిలో నార్సింగిలో బాలమ్మ అనే ఆమె ఇంటికి వెళ్లాం. కూతురు యాదమ్మది నా ఈడే, ఎనిమిదేళ్లు. నడుము దాటిన జుట్టు. ఆ ఏడు యాదమ్మకు జ్వరం వచ్చి ఎంతకూ తగ్గకపోతే, పిల్ల బతికితే తలనీలాలు ఇస్తానని బాలమ్మ గుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంది. స్వామి దయ... పిల్ల లేచి తిరిగింది. తెల్లారితే గుట్టకు ప్రయాణం. జుట్టు ఇచ్చేలోపు పూలజడతో ఒక్క ఫోటో ఉండాలని మమ్మల్ని పిలిపించారు.

మల్లెలు, కనకాంబరాలు, మధ్య మధ్య మరువం... ఎంత అందమైన జడో. యాదమ్మ మాత్రం పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదట. నేను దుప్పటి విప్పుతుంటే దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

"ఫోటో దిగినంకనే గుట్టకు పోతమంటున్నరు. మరి ఫోటో మంచిగ రాకుంటే పోరు గద?"

నాకూ అది నిజమే అనిపించింది... ఎనిమిదేళ్ల బుద్ధి. ఫిల్ము కడిగితే తప్ప ఫోటో ఎలా వచ్చిందో తెలియదని ప్రతివారం చూస్తున్నదాన్నే, ఆ క్షణంలో తట్టలేదు.

రీలులో ఇక ఒక్క ఫోటోనే మిగిలి ఉంది. బాలమ్మ నాయిన పక్కనే నిలబడి, తల ఎత్తమని, నవ్వమని కూతురిని కసురుతూనే ఉంది. యాదమ్మ తల దించుకునే కూర్చుంది. చివరికి బాలమ్మ కూడా ఊరుకుంది. ఇంతకన్నా కుదరదని నాయిన మీట నొక్కబోయే వేళకు... నేను అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పేశాను.

మరునాడు వాళ్లు గుట్టకు వెళ్లనే వెళ్లారు.

నాయిన బాలానగర్‌లో తెలిసిన స్టూడియోలో ఫిల్ము కడిగించేవాడు. వారానికి ఫోటోలు వచ్చాయి. ఆ ఒక్క ఫోటోను చాలాసేపు చూశాడు. అద్దంలో జడ లేదు. నన్ను ఏమీ అడగకముందే ఏడ్చేసి, జరిగింది చెప్పేశాను. కొట్టలేదు, తిట్టలేదు.

"గా జుట్టు మళ్ళ గంత కావాల్నంటే ఎన్నేండ్లు పడ్తదో ఎరికేనా బిడ్డా? నువ్వే పోయి చెప్పాలె" అన్నాడు.

ఆ ఆదివారం దారి పొడవునా దేవుడికి మొక్కుతూనే ఉన్నాను... వాళ్లింటికి తాళం వేసి ఉండాలని.

వేసి లేదు. యాదమ్మ తలకు తువాలు చుట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. గుట్ట నుంచి వచ్చినప్పటి నుంచి పిల్ల తనతో మాట్లాడటం లేదని, తాను పెడితే అన్నం కూడా తినడం లేదని బాలమ్మ నాయినతో చెప్పుకుంది. నేను తల వంచుకుని, అద్దం తిప్పింది నేనేనని, జడ రాలేదని చెప్పాను.

యాదమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "తిప్పితే మొత్తం తిప్పాలె. గింత తిప్పితే ఎవలాగుతరు?" అని ఫోటో లాక్కుంది.

అప్పుడు చూసింది ఫోటోలోని అద్దంలోకి... జడ ఉండాల్సిన చోట బాలమ్మ ఉంది. కెమెరా పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో. అంతసేపూ కసిరిన మనిషి.

"అమ్మా... నువ్వేడ్చినవా?"

వారం తర్వాత బిడ్డ తల్లితో అన్న మొదటి మాట అది. బాలమ్మ ఫోటో వంక చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "రోజు పొద్దుగాల్ల నీ జడ నేనే ఏస్తుంటి. ఇగ నా చేతులకేం పనుంటదే?"

యాదమ్మ తువాలు తీసి పక్కన పెట్టి, తల్లి ముందుకు జరిగి కూర్చుంది. "నూనె వెట్టు" అంది.

జుట్టు పెరిగాక పూలజడ ఫోటో మళ్లీ తీస్తానని నాయిన మాటిచ్చాడు. నాలుగేళ్లకు తీశాడు కూడా... ఈసారి అద్దాన్ని నాకివ్వకుండా కిటికీకి కట్టేశాడు. అయినా బాలమ్మ అద్దాల పటం కట్టించి గోడకు పెట్టుకుంది మాత్రం మొదటి ఫోటోనే.

ఇప్పుడు ఆ ఇల్లు ఏ అపార్టుమెంటు కిందికి పోయిందో పోల్చుకోలేను. నాయిన కూడా లేడు. నేను పొద్దున గుడికి నడిచి వెళ్తూ ఫోనులో ఫోటోలు తీస్తుంటాను. పెద్ద ఆఫీసుల దగ్గర బస్సు దిగే హౌస్‌కీపింగ్ అమ్మాయిలు, ఊళ్లో అమ్మకు పంపాలి, ఒకటి తీయమని ఆపుతారు. చూపిస్తే, "గిది మంచిగ రాలేదక్కా, తీసెయ్" అంటారు. నవ్వుకుంటూ ఇంకోటి తీస్తాను. ఎంత సంతోషం... ఇప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లకు ఎన్ని ఫోటోలైనా. కాకపోతే చెరిపే ముందు ఒక్కసారి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూస్తాను.

ఆ రోజుల్లో కళ్లు మూసుకున్నవీ, తల సగం తెగినవీ, వంకరగా వచ్చినవీ అన్నీ పెట్టెల్లో భద్రంగా ఉండేవి... ఉన్నదే ఒక్కటి కదా మరి. మీ ఇంట్లో అలాంటి ఫోటో ఏదైనా మిగిలి ఉంటే, అందులో ఎవరున్నారో కాస్త చెప్పండి... చదవాలని ఉంది.