సలాలా సముద్రంలో మూడు మునకలు

ఒమన్ దక్షిణాన సలాలా సముద్రంలో హాయిగా స్నానం చేయవచ్చని మన తెలుగు సంఘం పత్రికలో రాసిన, ఘుబ్రాలో ఉండే పెద్దమనిషి, తాను ఏ నెలలో వెళ్ళాడో రాయలేదు. ఆ ఒక్క మాట లేక మా లచ్చన్న ప్రాణం పోబోయింది. మనిషి దక్కాడు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. లేకపోతే ఈ పాటికి ఆ పెద్దమనిషి గుమ్మంలో ఉండేవాణ్ణి.

రూవిలో మా రూమ్‌లో అందరం జగిత్యాల వైపు వాళ్ళం, కట్టడం పని. ఎండాకాలంలో లచ్చన్న తండ్రి పోతే కంపెనీ సెలవు ఇవ్వలేదు. "గోదాట్ల మునిగే నసీబు లేదు తమ్మీ. సముద్రంలనన్న మూడు మునకలేస్త. గోదారి పొయ్యి కలిసేది సముద్రంలనే గద" అన్నాడు. పత్రికలో వ్యాసం చదివాక సలాలాకే పోదామనుకున్నాం. జూలైలో ప్రవక్త పుట్టినరోజు, మిలాద్ సెలవు పక్కనే శుక్రవారం వచ్చింది, శనివారం జీతం కోతకు ఒప్పుకుని బయలుదేరాం.

బస్సు రూవి నుంచి ఉదయం ఏడింటికి. పోనురాను పదహారు రియాళ్ళు. నిజ్వా వైపు కొండలు దాటాక ఇక ఇసుకే. హైమాలో భోజనానికి ఆపుతారు, మలయాళీ హోటల్లో అన్నం, చేపల పులుసు దొరుకుతాయి. సాయంత్రం తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే అద్దాలకు పొగమంచు పట్టింది, కింద అంతా పచ్చగడ్డి. లచ్చన్న డ్రైవరు దగ్గరికి వెళ్ళి "భాయ్, ఇది ఒమనేనా?" అని ఉర్దూలో అడిగాడు. ఆ పఠాన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "లేదు, నువ్వు నిద్రపోతే మా ఊరికి తెచ్చేశాను" అన్నాడు.

సలాలాలో ఎవరికీ తొందర లేదు. రోడ్డు పక్కన అరటిగెలలు, బొప్పాయిలు, కొబ్బరిబోండాలు. బోండాం రెండు వందల బైసాలు. జల్లు పడితే జనం ఇళ్ళల్లోకి పరుగెత్తరు, చాపలు తెచ్చుకుని బయట కూర్చుంటారు. ఎండలో కాంక్రీటు పోసి వచ్చిన ఒళ్ళు కదా, ఆ జల్లులో మేమూ కాసేపు ఊరికే నిలబడ్డాం.

శుక్రవారం పొద్దున సముద్రానికి వెళ్ళాం. అలలు మనిషి కంటే ఎత్తున లేస్తున్నాయి. లచ్చన్నకు బావిలో నేర్చిన ఈత బాగా వచ్చు. నడుంలోతుకు దిగి, సూర్యుడు కనబడకపోయినా తూర్పు ఇటేనని తిరిగి, ధర్మపురి రేవులో లాగే ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని మునిగాడు. రెండో మునక నుంచి లేచేసరికి కాళ్ళ కింద ఇసుక లేదు. ఒడ్డుకు ఎంత ఈదితే అంత లోపలికి పోతున్నాడు.

పైకి లాగిపెట్టిన పడవ దగ్గర వల బాగుచేస్తున్న ముసలాయన పరుగెత్తుకొచ్చి, నేను దూకబోతే చొక్కా పట్టుకుని ఆపాడు. ఒకప్పుడు బొంబాయిలో ఉన్నాడట, హిందీ వచ్చు. "సీదా రావద్దను. ఒడ్డు వెంబడి పక్కకు ఈదమను" అన్నాడు. నేను గొంతు చించుకుని అరిచాను: "అన్నా, ఇటు రాకు. పక్కకు పో, పక్కకు."

విన్నాడు. పక్కకు ఈదాడు. చాలా దూరం పోయాక ఒక అల అతన్ని తెచ్చి ఒడ్డున పడేసింది. మోకాళ్ళు చీరుకుపోయాయి, ఉప్పునీళ్ళు కక్కాడు. ఊపిరి మాత్రం ఆడుతోంది. నేను పక్కన కూర్చుని అతని వీపు చరిచాను.

ముసలాయన తిట్టాడు: "మజ్నూన్, పిచ్చోడా, ఇదేమన్నా మీ ఇంటి బావి అనుకున్నావా? ఈ వానకాలపు పోటులో మేమే పడవ దించం."

లచ్చన్న దగ్గుతూనే ఉర్దూలో, "చాచా, మా బాపు కోసం వచ్చిన. రెండు మునకలే అయినయ్, ఇంకోటి మిగిలింది" అన్నాడు.

ముసలాయన పడవలో నీళ్ళు తోడే డబ్బా తెచ్చి, అల అంచున ముంచి లచ్చన్న నెత్తిన కుమ్మరించాడు. "అయిపోయింది. ఇక నీళ్ళ వైపు చూడకు."

తిరుగు ప్రయాణంలో లచ్చన్న నిద్రపోయాడు. అతని గురక వింటూ కూర్చున్నాను. రూమ్‌లో రోజూ తిట్టుకునే గురకే, ఆ రోజు ఆగకుండా ఉంటే చాలనిపించింది.

వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, జూలైలోనే వెళ్ళండి, ఆ చల్లదనం ఇంకెక్కడా లేదు. కానీ అక్కడి వానకాలం పోయి సెప్టెంబరు దాటేదాకా సముద్రంలో దిగవద్దు. స్నానం చేయాల్సిందే అంటే ఒక చెంబు పట్టుకెళ్ళి ఒడ్డున పోసుకోండి. ఇక ఘుబ్రా పెద్దమనిషికి: మీరు ఏ నెలలో స్నానం చేశారో, జూలైలో ఎందుకు చేయకూడదో మీ పేరుతోనే మొదటి పేజీలో వేయించండి. వచ్చే నెల మొదటి శుక్రవారం సంఘం సమావేశంలోపు జవాబు కావాలి. రాకపోతే ఆ రోజు నేనూ లచ్చన్నా ముందు వరసలో కూర్చుంటాం.