మగ్గం గుంతలో ట్రాన్స్‌ఫార్మర్

చచ్చినవాళ్ళు తిరిగొస్తారని నేను ఎన్నడూ అనుకోలేదు. దయ్యం పట్టిందని ఊగే ఆడవాళ్ళను చూస్తే నాకు కోపమొచ్చేది. పని తప్పించుకోవడానికి వేషమని ముఖం మీదే అనేదాన్ని. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ లావణ్య రాస్తోంది. ఎక్కువ తక్కువ చేసి రాయొద్దని దానికి చెప్పాను.

మాది గద్వాల. మా ఆయన చీరలు నేసేవాడు. పెళ్ళిళ్ళు ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. మల్దకల్, అయిజ, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోయేవాడు. ఆ గిటారుకు ఒక పాత యాంప్లిఫయర్ డబ్బా ఉండేది. ఇప్పటివాటిలా కాదు, లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతాయి. అవి వేడెక్కితే గానీ శబ్దం రాదు. కొత్తది తెచ్చుకోమంటే వినేవాడు కాదు. "ఇది నిమ్మళంగ మాట్లాడుతది, నీ లెక్క గాదు" అని నన్ను ఎగతాళి చేసేవాడు.

చివరికి ఆ డబ్బా పాడైంది. ఆన్ చేస్తే వెనక ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, అంటే లోపలికి కరెంటు పంచే ఇనుప దిమ్మ, చెయ్యి పెట్టలేనంతగా కాలేది. మాడిన వాసన వచ్చేది. బాగు చేద్దామని విప్పి మగ్గం పక్కన పెట్టుకున్నాడు. అంతలో జ్వరం వచ్చింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి నుంచి ఐస్ పెట్టెలో తెచ్చుకున్నాం.

మూడోనాడు పిట్టకు పెట్టాం. మా దిక్కు, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని ఇంటివాళ్ళు మాట ఇస్తారు. బిడ్డను చదివిస్తానని మా బావ అన్నాడు. కాకి రాలేదు. వదినెను చూసుకుంటానని మరిది అన్నాడు. రాలేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. చుట్టాలు బస్సుల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ డబ్బ బాగు చేపిస్త. ఏడాది మాసికం నాడు మోగిపిస్త. తిని పో ఇగ" అన్నాను.

కాకి వచ్చి ముద్ద ముట్టింది.

అప్పుడు కూడా నేను నమ్మలేదు. కూర వాసనకు కాకి రాక ఇంకేం వస్తుంది? కానీ నలుగురిలో ఇచ్చిన మాట. తప్పితే ఆయన తిన్న ఆఖరి ముద్ద అబద్ధమైపోతుంది.

ఆర్కెస్ట్రాలో సౌండు చూసుకునే ఖాజా, మా ఆయన దోస్తు, వనపర్తి నుంచి వచ్చాడు. డబ్బాకు నేరుగా కరెంటు ఇవ్వలేదు. వైరు మధ్యలో ఒక బల్బు కట్టాడు. లోపల షార్టు ఉంటే ఆ బల్బు గట్టిగా వెలుగుతుందట. వెలిగింది. వాల్వులు ఒక్కొక్కటే పీకాడు. అయినా వెలిగింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లోపలికి పోయే తీగలన్నీ విడదీశాడు. అయినా వెలిగింది.

"రోగం వేరే తాన లేదు వదినె. దీని లోపటి చుట్టలే కాలిపోయినయి. ఇది ఇగ పనికిరాదు" అన్నాడు.

అలాంటిదే ఇంకొకటి నాగర్‌కర్నూల్‌లో పాత సామాను కొనేవాళ్ళ దగ్గర వెతుకుతానన్నాడు. కాలినదాన్ని పారేయనా అని అడిగాడు. వద్దన్నాను. ఆయన చెయ్యి పడ్డ వస్తువు. తీసుకుపోయి మగ్గం గుంతలో, ఆయన కాళ్ళు పెట్టుకునే చోట పెట్టాను. ఆ మగ్గం మీద ఇప్పుడు ఎవరూ నేయడం లేదు.

ఒకనాడు గుంత ఊడుస్తుంటే చెయ్యి దానికి తగిలింది. వెచ్చగా ఉంది. కాలడం లేదు. మనిషి చెయ్యంత వెచ్చగా ఉంది, అంతే.

ఎండకేమో అనుకున్నాను. ఆ గుంతలోకి ఎండ రాదు. కరెంటు ఎక్కడినుంచైనా వస్తోందేమోనని ఇంటికంతా మెయిన్ తీసేశాను. అయినా వెచ్చగానే ఉంది. తడి గోనెసంచి చుట్టి పెట్టాను. పొద్దునకు గోనె ఎండిపోయి ఉంది. లావణ్యకు ఏమీ చెప్పకుండా ముట్టుకోమన్నాను. అది ముట్టి, నా ముఖం చూసి, ఏడవడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి రోజూ పని అయ్యాక గుంతలో దిగి దాని మీద చెయ్యేసి కూర్చునేదాన్ని. ఐస్ పెట్టెలోంచి తీసినప్పుడు ఆయన చేతులు పట్టుకున్నాను. ఆ చలి నా వేళ్ళలోంచి పోలేదు. అక్కడ కూర్చుంటే కొంచెం తగ్గేది. భయమా? భయం లేదు. ఈ విషయం బయట చెబితే ఎవరైనా తీసేస్తారేమోనని మాత్రం భయపడ్డాను.

ఏడాది మాసికం దగ్గరికొచ్చినప్పుడు ఖాజా ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. నేను పాతదాన్ని చూపించాను. అతను అరచెయ్యి దాని మీద పెట్టి, చాలాసేపు తీయలేదు.

"వైరే లేనిది యాడికెల్లి కాగుతది వదినె" అన్నాడు. మళ్ళీ అతనే మెల్లగా, "కొత్తది పెట్టాల్నా, వద్దా?" అన్నాడు.

అతనికి కూడా అదే అనుమానం వచ్చిందని తెలిసింది. మాట తీరితే ఈ వెచ్చదనం ఉంటుందా? కానీ ఆయన ఆ కోరికతోనే తిరుగుతుంటే, నా చేతులు కాచుకోవడానికి ఆయన్ను పట్టి ఉంచడం ఏం న్యాయం?

"పెట్టు" అన్నాను.

మాసికం నాడు డబ్బా పెట్టారు. వాల్వులు ఎర్రబడ్డాయి. ఖాజాకు గిటారు సరిగా రాదు. అయినా వచ్చినంత వాయించాడు. మా బావ గోడకు తల ఆనించి ఏడ్చాడు. అందరూ అక్కడే ఉండగా నేను గుంతలోకి దిగి చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది.

ఆత్మ శాంతించిందని అందరూ అన్నారు. కావచ్చు. ఖాజాను అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు. చుట్టాలంతా పోయాక నేను డబ్బా వైరు పీకేశాను. గుంతలో దిగి, "అది మోగలేదు, ఖాజకు సరిగ రాలేదు, నా మాట ఇంక తీరలేదు" అని ఆయనతో అబద్ధమాడాను. చెయ్యి తీయకుండా చాలాసేపు కూర్చున్నాను.

అది వెచ్చబడలేదు.